పసుపు చేతుల గిటార్

ఈ రోజు మధ్యాహ్నం పెర్కిట్‌లోని నా కార్ల పెయింటింగ్ షెడ్డుకి మా వాడకట్టు రూతమ్మత్త వచ్చింది. చంకలో ముప్పై ఏళ్ల నాటి ఎలక్ట్రిక్ గిటార్, చనిపోయిన భర్తది. మామ పసుపు మార్కెట్లో హమాలీ, ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. దాని అసలు రంగే మళ్లీ వేసివ్వాలట. చూస్తే నిండా పసుపు రంగు.

"కొన్నప్పుడు తెల్లగుండె బిడ్డా. చేతులు కడుక్కోకుండనే పట్టుకుంటుండె. పసుపు పట్టించినవని గాయన పోయేదాంక తిట్టిన."

"మామ ఏమంటుండె?"

"ఏమంటడు, నవ్వుతుండె."

స్క్రూలు విప్పి ముందున్న ప్లాస్టిక్ ప్లేటు తీశాను. కింద నిజంగానే తెలుపు. పైన పసుపున్న చోట కూడా, చేతులు తగలని ఒక అంచున బ్లేడుతో గీకి చూశాను. కింద అక్కడా తెలుపే. పైన కొట్టిన వార్నిషే ఏళ్ల తరబడి వెలుతురు తగిలి పచ్చబడింది. పాత కార్ల మీద రోజూ చూసేదే. పాపం, మామ చేతుల తప్పేమీ లేదు.

చెబుదామని తలెత్తాను. అత్త ఆ పసుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"రంగు గింగు ఏం వద్దు తియ్. గాయన చేతులే గదా గివి. గట్లనే ఉండనీ."

చెబితే మామ మీద నింద పోతుంది, దాంతోపాటు ఆయన చేతులూ పోతాయి. షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి, నాకే దారి లేదు. ప్లేటు మళ్లీ పెట్టి స్క్రూలు బిగించాను.

మీరైతే చెప్పేవారా? మామా, ఇన్నేళ్లు తిట్లు పడ్డావు, ఇంకొన్నాళ్లు పడు.