కాకి ముట్టని ముద్ద

1968లో నెల్లిమర్లలోని ఒక బంగళాకి నేను తోటమాలిని. అయిదో తరగతిలో మేష్టారు "నువ్వు మొక్కలకి నీళ్ళు పోసుకోడానికే పనికొస్తావురా" అని తిట్టారు. ఆయన మాట మీద గౌరవం కొద్దీ మర్నాటి నుంచి బడి మానేశాను. బళ్ళో నాకు ఎక్కిన పాఠం అదొక్కటే.

ఆ బంగళాలో మొదట ఉన్న తెల్లదొర తోట మధ్య ఒక బర్డ్ టేబుల్ వేయించి పోయాడు. మరేం లేదు, రాట మీద మేకులతో కొట్టిన పలక. పిట్టలకి మేత పెట్టే చోటు. దాని పని సులువే. పూటకి సరిపడా గింజలే వెయ్యాలి, మిగిలింది తీసెయ్యాలి, పలక కడిగి ఎండనివ్వాలి. తడిసిన మేతకి ఫంగస్, అంటే బూజు, పట్టిందా, అది పిట్టలకి విషం.

తర్వాత బంగళా కొన్న నాయుడుగారు సాలూరులో లారీలు తిప్పేవారు. ఆయన గేటు దగ్గర హారన్ కొట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కంచంలో అన్నం పొగలు కక్కాలి. మెతుకు ఆరితే ఇల్లెగిరిపోయేది. ఆ వేసవిలో ఆయన పోయారు. కర్మల నాడు పిండం కాకి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందని చుట్టాలు గుసగుసలాడి ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ మర్నాటి నుంచి ఆయన భార్య సింహాచలమ్మగారు నా బర్డ్ టేబుల్ మీద రోజూ అన్నం ముద్ద పెట్టడం మొదలెట్టారు. కాకి ముట్టేదాకా తియ్యకూడదట! నిన్నటి ముద్ద మీద ఇవాళ్టి ముద్ద. పైన శ్రావణమాసం వాన, కింద చీమల బారు, పక్కన కుర్చీ వేసుకుని, పిల్లులు రాకుండా కర్ర పట్టుకుని ఆవిడ.

అన్నం పచ్చగా బూజెక్కింది. కర్రని చూసి కాకి రాదు. ఆవిడ కునుకు తీస్తే పిచ్చుకలు వచ్చి తింటాయి. తిని, రెక్కలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుని, చివరికి మందార పాదులో పడి ఉంటాయి. ఆ వానల్లో నేను నాటిన మొక్కలకంటే పాతిపెట్టిన పిచ్చుకలే ఎక్కువ.

ఇక ఓర్చుకోలేక ఒకనాడు ఆ కంపంతా పారతో గీకెయ్యబోయాను.

"ఒరే అప్పన్నా, సెయ్యి తియ్యి! కాకి ముట్టనేదు."

"కాకేటమ్మా, పందికొక్కు కూడా ముట్టదు. పిచ్చుకలు సచ్చిపోతన్నాయి, సూడు!"

"ఆరు కోపంగా ఉన్నారురా. ఆకరిపూట నాకు జొరం. సల్లారిపోయిన కూడెట్టాను. మాటాడకుండా తినీసి ఎల్లిపోనారు. మరి రానేదు."

నాకూ జాలేసింది. కానీ చేతిలో చచ్చిన పిచ్చుక ఉంది. నోట్లోంచి చిరాకే ముందొచ్చింది.

"బాబుగోరికి ఒక్కపూట సల్లన్నం ఎట్టేనని ఏడుస్తన్నావు. మరి ఇప్పుడేటెడతన్నావమ్మా? రోజూ పాసిపోయిన కూడు! పైగా నువ్వు కర్రట్టుకుని కూకుంటే ఏ మొగుడొస్తాడు?"

ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆవిడ ఆ పలకకేసి అలా చూసి చూసి, కర్ర పడేసి, "కడిగీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

పలక రుద్ది కడిగాను. నిరుటి వరి కంకులు కుచ్చుగా అల్లి, వాన తగలకుండా వసారా చూరుకి కట్టాను. పిచ్చుకల భాగం అది. ఇటు పలక మీద అప్పుడే వండిన అన్నం చిన్న ముద్ద. కాకి వచ్చినా రాకపోయినా పొద్దుగూకేలోగా తీసెయ్యాలని ఒప్పందం. వాన తెరిపిచ్చాక ఒక పూట కాకి వాలి ముద్ద పట్టుకుపోయింది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకున్నారు.

పిట్టకి పెట్టే ముందు మన గుండెల్లో బరువు కాదు, పలక మీద బూజు చూసుకోవాలని నాకు తెలిసింది. తెలిశాక ఊరుకుంటానా? అన్నం ఆరిపోయిందనీ, ముద్ద పెద్దదైందనీ, పలక తడిగా ఉందనీ రోజూ ఆవిడ వెంటపడేవాణ్ణి. చివరికి ఒకనాడు గరిటె పట్టుకుని బయటికొచ్చారు.

"నానేటో కాకి కోసం కళ్ళు కాయలు కాసీలా సూసినాను. ఆరు ఎప్పుడో వచ్చీసినారురా, కాకిలోకి కాదు, నీలోకి! ఎల్లు, కాళ్ళు కడుక్కునిరా. కూడు సల్లారిపోతాది."