కిటికీ బయట నిలబడిన పిల్ల

ఇవాళ పొద్దున బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి నా పక్కనుంచే పోయింది. ఆ పచ్చి తీపి వాసన తగలగానే నేను టీచరుగా చేరిన మొదటి బడి గుర్తొచ్చింది.

మన కాలం టీచర్లకు తెలియనిదేముంది! చెరుకు కోతలు మొదలైతే తల్లులు పొలానికి పోయేవాళ్లు, చంటిపిల్లలు అక్కల చంకనెక్కేవాళ్లు. మూడో తరగతి పిల్ల ఒకతి చెల్లెను ఎత్తుకొని బడికి వచ్చేది. చంటిపిల్లతో లోపలికి రావద్దన్నాను. అప్పటినుంచి కిటికీ బయటే నిలబడి, పేరు పిలవగానే "ఉన్న టీచర్" అనేది. లోపల కూర్చుంటేనే హాజరని నా పట్టుదల. కొత్త ఉద్యోగం, కొత్త పెత్తనం. రోజూ గైర్హాజరు వేసి, నెల తిరిగాక ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేశాను.

మర్నాడు పేర్లన్నీ అయిపోయేదాకా ఆ పిల్ల కిటికీ చువ్వ పట్టుకొని ఎదురుచూసింది. తర్వాత చెల్లెను ఇంకో చంకకు మార్చుకొని, "టీచర్, నా పేరు మర్సిండ్రు" అంది నవ్వుతూ.

"రేపు పిలుస్తలే, పో" అన్నాను. పిలవలేదు. కొన్నాళ్లకు రావడం మానేసింది.

రిటైరయ్యాక బడి జ్ఞాపకాలు పుస్తకంగా రాయాలని కూర్చున్నాను. మొదటి పేజీలో ఆ తరగతి పిల్లల పేర్లన్నీ రాశాను. ఒక్క పేరే ఎంత తలచుకున్నా రావడం లేదు.

ఆ రోజు మరిచిపోలేదు బిడ్డా, కావాలనే పిలవలేదు. ఇప్పుడు నిజంగానే మరిచిపోయాను.