పెళ్లిచూపులకొచ్చిన ల్యాప్‌టాప్

ఆ రోజుల్లో అనకాపల్లిలో పెళ్లికొడుక్కి ల్యాప్‌టాప్ ఉందంటే పిల్లనిచ్చేవాళ్లు జీతం అడగడం కూడా మరిచిపోయేవారు. (ఇప్పుడు ఇంటికి రెండున్నా ఎవడూ తలెత్తి చూడడు.) మా మరిది బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. కంప్యూటర్ రాదన్న వంకతో రెండు సంబంధాలు తప్పిపోయేసరికి రోషమొచ్చి, విశాఖపట్నంలో పాతసామాన్ల కొట్టు నుంచి ఒక ల్యాప్‌టాప్ మోసుకొచ్చాడు. మోసుకొచ్చాడనే అనాలి, బెల్లం దిమ్మకి చెల్లెల్లా ఉండేది. తెరకి రంగుల్లేవు, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మీటలన్నీ పైకి జరిగిపోయి కింద ఖాళీ జాగా, దాని మధ్యలో రేగిపండంత బంతి.

"ఇంత జాగా ఒట్టినే ఒదిలీసేరేట్రా? గుప్పెడు వడియాలు ఆరెట్టుకోవచ్చు" అన్నాను.

"వదినా, నీకు దండం ఎడతాను. దాని మీద ఏటీ ఎట్టకు."

ఇల్లు చూడటానికి మునగపాక నుంచి పెళ్లివారొచ్చారు. పిల్ల కూడా వచ్చింది. (మా కాలంలో పెళ్లికొడుకు మొహం తాళి కట్టాక చూశాం, అదీ పక్క నుంచి.) మా ముందుగదిలో ప్లగ్గు ఒక్కటే. రెండోది పెడతానన్న కరెంటువాణ్ని నేనే తరిమేశాను. మనిషికి ముక్కొకటి చాలడం లేదూ? మరిది దాంట్లో ల్యాప్‌టాప్ పెట్టి పొద్దుట్నుంచి బతిమాలగా బతిమాలగా, వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టే వేళకి తెర వెలిగింది. వాడి మొహమూ వెలిగింది. పిల్ల తండ్రి భారీ మనిషి, చెమటలు కారిపోతున్నాయి. ఇంటికొచ్చిన మనిషికి ఉక్కపోస్తుంటే చూస్తూ కూర్చోవడం మా వంశంలో లేదు. ల్యాప్‌టాప్ ప్లగ్గు పీకి టేబుల్ ఫ్యాను పెట్టాను.

తెర నల్లబడింది.

"ఏటి, ఆరిపోనాదేటి?" అన్నాడాయన, గాలికి హాయిగా చొక్కా ఎగరేసుకుంటూ.

"వదినా!" అన్నాడు మరిది.

"ఏట్రా? పెద్దాయన ఉడికిపోతన్నారు. అదేటి పారిపోద్దా?"

పిల్ల ఫక్కున నవ్వింది. లేచొచ్చి ఆ ఖాళీ జాగా మీద చేతులు ఆనించింది. "నాన్నా, దీని బొమ్మ మా కాలేజీలో సూపించేరు. ముందరొచ్చిన వాటికి మీటలు అంచునే ఉండీవంట, సెయ్యి ఆనడానికి సోటుండీది కాదు. ఈ రకం వచ్చేకే మీటలు ఎనక్కి జరిగేయి. ఇప్పుడు షాపుల్లో ఉన్నయన్నీ దీన్ని సూసి సేసినయ్యే" అంది. నావైపు తిరిగి, "అక్కా, ఆ ఫ్యాను తీసీండి. మా నాన్నకి సెమట అలవాటే" అంది.

అక్కా అన్న పిలుపుతోనే సంబంధం కుదిరిందని నాకు తెలిసిపోయింది. మరిదికి ఇంకా తెలియలేదు, తెర వంకే బిక్కమొహంతో చూస్తున్నాడు. ఫ్యాను పీకి ల్యాప్‌టాప్ ప్లగ్గు పెట్టాను. తెర మళ్లీ వెలిగింది. పెద్దాయన కండువాతో విసురుకుంటూనే మంచిరోజు మాట ఎత్తాడు.

వాళ్లని బస్సెక్కించడానికి మరిది వెళ్లాక, ఆపేద్దామని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ పిల్ల ఆనించినట్టే చేతులు ఆనించాను. మూడో తరగతిలో పలక వదిలేసిన చేతులు. అది దూడ వీపులా వెచ్చగా ఉంది. బంతి కదిపితే తెర మీద బాణం పరిగెత్తింది. ఎవరైనా వస్తే తుడుస్తున్నానని చెప్పడానికి కొంగు చేతిలో పట్టుకునే ఉన్నాను. ఇంటిల్లిపాదినీ హడలగొట్టే అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కరెంటు కాలుతోందని తెలిసీ, మరిది చెప్పుల చప్పుడు వీధిలో వినబడేదాకా లేవలేదు.