పెద్దవీధిలో మా పెద్దమ్మ చెప్పులు

మా పేట చర్చికి అమెరికాలో ఒక చుట్టం ఉంది. అదీ చర్చే. అక్కడి నల్లజాతి వాళ్ళు తాతల నాడు కట్టుకున్నది. క్రిస్మస్‌కి ఇటు నుంచి ఒక వీడియో, అటు నుంచి ఒక వీడియో, అంతే మా రాకపోకలు. రెండేళ్ళ కిందట జనవరిలో వాళ్ళ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో వాళ్ళు తమ ఊరి నల్లవాళ్ళ చరిత్ర చెప్పుకుని, తమకు దారి వేసిన పెద్దల ఫోటోలు హాలు గోడకు తగిలిస్తారట. ఈసారి మా ఊరి వాళ్ళలోనూ ఒకరి ఫోటో ఆ గోడ మీద పెడతారట. ఆ మనిషి ఏం చేశారో వీడియో కాల్‌లో ఐదు నిమిషాలు చెబితే చాలట.

సంఘానికి సెక్రటరీని నేను. హైస్కూల్లో సోషల్ మాస్టార్ని, పైగా ల్యాప్‌టాప్ ఉన్నవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీని కూర్చోబెట్టి, వాళ్ళ గోడ మీదున్న పెద్దల వివరాలు చదివి వినిపించాను. సెలూన్ నడిపే ఒకాయన గడ్డాలు గీస్తూనే జనానికి ఓటు ఫారం నింపడం నేర్పాడట. స్కూల్లో వంట చేసే ఒకావిడ నల్లపిల్లల్ని రానివ్వని లైబ్రరీ తలుపులు వాళ్ళ కోసం తెరిపించిందట.

"ఇదేంటండీ, ఇందులో ఒక్కరికీ పదవి లేదు!" అని మా ట్రెజరర్‌గారు జాలిపడ్డారు.

మా దగ్గర సన్మానానికి ఒక పద్ధతుంది. ఎవరికి చేస్తున్నామన్నది చివర తేలే విషయం. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో వెయ్యకపోతే అలుగుతారో ముందు ఆ లిస్టు రాస్తాం. ఇక శాలువాల సంగతి. కప్పించుకున్నవాళ్ళు వాటిని బీరువాలో దాచి ఇంకో సభలో ఇంకొకరికి కప్పుతారు. ఒక ఎర్ర శాలువా ఊళ్ళన్నీ తిరిగి, నాకు తెలిసి మూడుసార్లు మా సర్పంచ్‌గారి భుజాల మీదికే వచ్చింది.

ఆ రోజు ప్రతివాడూ తన తండ్రి పేరే చెప్పాడు. పేటలో మొదట సైకిలు కొన్నది మా నాన్న అన్నాడొకాయన. కొంటే కొన్నాడు, తొక్కడం వచ్చింది మా నాన్నకే అన్నాడు ఇంకొకాయన. మాటా మాటా పెరిగేలోపు పాస్టరుగారు నా వైపు తిరిగారు.

"మీ పెద్దమ్మగారు ఉన్నారు కదండీ. ఆ చెప్పుల సంగతి చెప్పొచ్చు కదా?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పక్కింట్లో ఉన్న మనిషి నాకే తట్టలేదు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఎనభై దాటాయి. ఆమె వయసులో ఉన్నప్పుడు మా పేటవాళ్ళు రైతుల పెద్దవీధిలోంచి వెళ్ళాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి. ఆ వీధిలో కాళ్ళకు చెప్పులతో నడిచిన మొదటి మనిషి మా పెద్దమ్మ. పేటంతా ఎరిగిన సంగతే.

ఆ సాయంత్రమే ఉపన్యాసం రాసేశాను. అందులో పెద్దమ్మ సింహంలా నడిచింది. అరుగు మీది రైతు గర్జిస్తే కళ్ళలోకి చూసి, "ఇవి చెప్పులు కావు, మా హక్కులు!" అంది. రాస్తుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పట్టుకెళ్ళి ఆమెకు చదివి వినిపించాను. పెద్దమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"అలా జరగలేదురా నాన్నా," అంది తల ఎత్తకుండా.

"జరిగిందే రాశాను పెద్దమ్మా. కొంచెం మెరుగు పెట్టానంతే. చిన్నప్పట్నుంచీ వింటున్నదేగా!"

"ఎవరి దగ్గర విన్నావు?"

ఎవరి దగ్గరా? పేటలో అందరి దగ్గరా విన్నాను. ఆమె దగ్గర తప్ప.

"చూడూ, అబద్ధంతో నా ఫోటో ఆ గోడెక్కితే నాకొద్దు. గోడ ఖాళీగా ఉన్నా పర్లేదు," అంది.

మొహమాటం కాబోలు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం కూడా ఉంది. ఆ సెలూన్ ఆయన పక్కన, ఆ వంటావిడ పక్కన మా పెద్దమ్మ తేలిపోకూడదు. అందుకని ఒక్క అక్షరం మార్చలేదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం మాకు సాయంత్రం, వాళ్ళకు పొద్దున. ఫ్లెక్సీ మీద సర్పంచ్‌గారు నిలువెత్తున ఉన్నారు, పెద్దమ్మ ఆధార్ కార్డులో ఉన్నంత ఉంది. ఆయన మొదట మైకు పుచ్చుకుని సిమెంటు రోడ్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. అవతలి వాళ్ళు మర్యాదస్తులు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు. కొంపదీసి ఈయన ఫోటోయే గోడకెక్కిస్తారేమోనని నాకు భయం పట్టుకుంది.

తరవాత నా ఇంగ్లీషు ఉపన్యాసం సింహంతో సహా పూర్తయింది. తెర మీద పెద్ద టోపీ పెట్టుకున్న ముసలావిడ ఒకామె చెయ్యి ఎత్తింది. రిటైరైన టీచరట. "ఆ అమ్మగారి నోటి వెంట విందామా? మీరు అనువాదం చెయ్యండి," అంది. పాస్టరుగారు అప్పటికే మైకు పెద్దమ్మ చేతికిచ్చేశారు.

"మావాడు బాగా చదివాడండి. కానీ ఆ మనిషి నేను కాదండి," అని మొదలుపెట్టింది. "ఆ రోజు నెత్తి మీద గడ్డిమోపుంది. ఒక చెయ్యి దానికి. రెండో చేతిలో మా ఆయనకి అన్నం కేరేజీ. చెప్పులు కొత్తవి, కొవ్వూరులో కొన్నవి. విప్పితే పట్టుకోడానికి ఇంకో చెయ్యేదండి? అక్కడ వదిలేస్తే కుక్క ఎత్తుకుపోద్ది. ఇక అలాగే నడిచాను. అరుగు మీద ఒకాయన, 'కాళ్ళకేంటే అవి?' అన్నాడు. 'చెప్పులండి' అన్నాను."

నా పరువు నా నోటితోనే, ఇంగ్లీషులోకి మార్చి మరీ తీసుకున్నాను. ఆ 'అండి'ని ఎక్కడ పెట్టాలో తెలియక, "శాండిల్స్, సార్" అన్నాను. అవతల హాలంతా విరగబడి నవ్వింది. ఇవతల మావాళ్ళు అంతకంటే నవ్వారు. అయిపోయింది, గోడా పోయింది, పెద్దమ్మా పోయింది అనుకుని కుర్చీలో కుంగిపోయాను.

టోపీ ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. "మరి మర్నాడు?"

"మర్నాడు రైతులు నన్ను పనికి రావద్దన్నారండి," అంది పెద్దమ్మ. "మోపు లేదు, కేరేజీ లేదు. రెండు చేతులూ ఖాళీయే."

"ఇంట్లోనే ఉన్నారా?"

"లేదండి. చెప్పులేసుకుని ఆ వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను."

"ఏం పని మీద?"

"ఏ పనీ లేదండి."

ఆ మూడు ముక్కలు ఇంగ్లీషులోకి మార్చడం మరిచి పెద్దమ్మ వైపు తిరిగాను. నా మొహం చూసి పాస్టరుగారే చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ మర్నాటి గురించి మా పెద్దమ్మను అడిగిన మొదటి మనిషి సముద్రాల అవతలి ఆ టీచరమ్మ. నేను పక్కింట్లో ఉండి అడగలేదు.