తలంటు పోసుకున్న క్రిస్మస్ తాతలు

మా చిన్నప్పుడు... యారాడలో మా ఇంటి అరుగు మీద ఎర్ర టోపీల తాతలు వరసగా కూర్చుని ఉండేవారు. ఇంకా గడ్డాలు రాని తాతలు...

అవి మా అమ్మ కుట్టిన గుడ్డ బొమ్మలు. పట్నం నుంచి కుట్టు టీచరమ్మ ఒకావిడ కొండ దాటి వచ్చి, మా ఊరి ఆడవాళ్ళకి పూలకుట్లు నేర్పేది. ఆ ఏడు క్రిస్మస్‌కి ముందు తాత బొమ్మ ఉన్న గ్రీటింగు కార్డు ఒకటి ఇచ్చి, ఇలాంటి తాతల్ని చెయ్యండి, పట్నంలో అమ్మకానికి పెడతాం అంది. బొమ్మలు బాగుంటే క్లాసు మా ఊళ్ళో ఉంటుంది. లేకపోతే సబ్బవరం మార్చేస్తారు... అదీ సంగతి.

అమ్మకి ఆ క్లాసంటే ప్రాణం. పొద్దున్న చేపల గంపతో తిరిగొచ్చి, ఇంత తిని, చేతులు సబ్బుతో బాగా తోముకుని మరీ వెళ్ళేది.

నానమ్మకి మాత్రం గిట్టేది కాదు. "సేపలు కోసే సేతులకి పూలకుట్లేటే కోడలా? రేపు సేపలకి కూడా లేసులు కుడతావేటి?" అనేది. అమ్మ నవ్వి ఊరుకునేది.

ఓ రోజు టీచరమ్మ కొత్త కుట్టు చూపిస్తే అమ్మ, "ఇది సేప ముల్లే కదండీ" అందట. తాతల చొక్కా అంచులకి తెల్లదారంతో ఆ కుట్టే వేసింది. టోపీకి గొలుసుకుట్టు. పొట్ట నిండా బూరుగు దూది.

చిక్కల్లా గడ్డం దగ్గరే వచ్చింది. దూది అంటిస్తే మా సముద్రపు గాలికి ఆగలేదు. సాయంత్రానికల్లా తాతలందరూ మంగలి దగ్గరికి వెళ్ళొచ్చినట్టు నున్నగా తయారయ్యారు...

మా అయ్య అరుగు చివర వల బాగుచేసుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. ఆయన నాకంటే తక్కువ మాట్లాడే మనిషి. పాత నైలాను వల ముక్క ఒకటి కోసి, ముడులు విప్పి, దారం పురి ఊడదీసి అమ్మ ఒళ్ళో పడేశాడు. తెల్లగా, ఉంగరాలు తిరిగి... అచ్చం ముసలాయన గడ్డమే!

"సముద్రంలో ఇన్నాళ్ళున్నాది. గాలికి ఎగిరిపోతాదేటి?" అన్నాడు.

ఇక పురులు విప్పడం, గడ్డాలు దువ్వడం నా పని. బళ్ళో పంతులుగారు అడిగితే నోరు పెగలని నేను, ఆ తాతలతో మాత్రం బోలెడు కబుర్లు చెప్పేవాణ్ణి...

అంతా బాగుందనుకున్నాం. అప్పుడు మొదలయ్యాయి పిల్లులు. వీధిలో ఉన్నవన్నీ మా అరుగు చుట్టూనే. ఒక గండుపిల్లయితే ఓ తాతని గడ్డం పట్టుకుని తాటాకు కప్పు మీదికి లాక్కుపోయింది. తెడ్డు పట్టుకుని కింద అయ్య, తాతని పట్టుకుని పైన పిల్లి...

"ఓలమ్మో, పిల్లికి తాతతో పనేటే!" అని నానమ్మ ఒకటే నవ్వు. ఎందుకో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. బొమ్మని తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. మొహం దగ్గరికి తెచ్చుకుంది... చప్పున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"చాలా బాగా చేశావమ్మా. కానీ ఈ వాసనేంటి?"

"ఏ వాసనండీ?" అంది అమ్మ.

అమ్మ వాసన చూసింది. అయ్య చూశాడు. నేనూ చూశాను. ఒట్టు, మాకేమీ రాలేదు! మేం పుట్టిందే ఆ వాసనలో కదా...

"ఎండుచేపల వాసనమ్మా! రేపు పొద్దున్నే బండి వస్తుంది. ఇలా పంపితే ఎవరూ ముట్టుకోరు" అని ఆవిడ దిగులుగా వెళ్ళిపోయింది.

అమ్మ సూదిని జాకెట్టుకి గుచ్చుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. ఇక నానమ్మ దెప్పుతుందని నేను భయపడ్డాను...

నానమ్మ లేచింది. "ఏటలా కూకుండిపోనావు? అప్పుడే పుట్టిన గుంటడు మాత్రం వాసన రాడేటి? తలంటు పోస్తే సరి. కుంకుళ్ళు కొట్టు!" అంది.

పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బార చాపి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు ఒక్కో తాతని కాళ్ళ మీద పడుకోబెట్టింది. ఎర్ర గుడ్డ తడిస్తే రంగు దిగుతుందని ఒంటికి గుడ్డ చుట్టి, గడ్డానికి మాత్రం కుంకుడు పులుసు పెట్టి రుద్దింది. "కళ్ళు మూసుకోరా నాయినా, మండుతాది" అని వాళ్ళకి చెబుతూ!

తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, తాతలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, పైన కొత్త గంప బోర్లించింది. గంప కన్నాల్లోంచి పొగ... అమ్మ అప్పుడు నవ్వింది.

అక్కడితో ఆగితే ఆవిడ నానమ్మ ఎందుకవుతుంది? కాటుక తెచ్చి మొదటి తాత బుగ్గన ఇంత దిష్టిచుక్క పెట్టేసింది.

"ఓలత్తా, వొద్దే!" అని అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అంతమంది సూసే సోటికి ఎల్తన్నారు. సుక్క నేకండా ఎలాగ పంపుతానే?"

చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. మిగతావాళ్ళకి అరికాళ్ళలో పెట్టింది.

పొద్దున్న టీచరమ్మ భయం భయంగా వాసన చూసింది. మళ్ళీ చూసింది. "అచ్చం పసిపిల్లల్లా ఉన్నారమ్మా!" అంది. తాతలందరూ బండెక్కారు. బుగ్గన చుక్క ఉన్న తాతని మాత్రం ఆవిడే ఉంచేసుకుంది.

క్లాసు మా ఊళ్ళోనే ఉండిపోయింది. తర్వాత అమ్మ రుమాళ్ళ మీద, దిండు గలీబుల మీద ఎన్ని గులాబీలు కుట్టిందో... దారం చిక్కుపడితే విడదీసి ఇచ్చేది నానమ్మే. దెప్పడం మాత్రం మానలేదనుకోండి.

మొన్న నా మనవరాలు పట్నంలో పెద్ద షాపుకి తీసుకెళ్ళింది. అద్దాల వెనక గుట్టలుగా క్రిస్మస్ తాతలు. అందరిదీ ఒకే మొహం, ఒకే నవ్వు. ఎవరూ చూడటం లేదు కదా అని ఒకణ్ణి తీసి గడ్డం ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ప్లాస్టిక్ కవరు వాసన... అంతే. మెల్లగా వాడి కాలు తిప్పి అరికాలు కూడా చూశాను. పిచ్చి ఆశ...

మీ ఇంట్లో అమ్మ చేత్తో కుట్టిందో, అల్లిందో ఏదైనా మిగిలి ఉంటే, ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి... ఏ వాసన వచ్చిందో నాకూ చెప్పండి.