తీగె సంగతి మగవాళ్లకు చెప్పారు

పాప పుట్టాక నాకు భయం పట్టుకుంది. చొక్కా గుండీ చూస్తే అది పాప గొంతులో అడ్డం పడినట్టు కనిపించేది. బకెట్లో నీళ్లు చూస్తే పాప అందులో తలకిందులుగా పడినట్టు. తిరిగే ఫ్యాను, పొయ్యి మీద పాలు, గోడకున్న ప్లగ్గు, అన్నీ అంతే. రాత్రుళ్లు పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ కూర్చునేదాన్ని. డిగ్రీ చదివాను, ఇది లేనిపోని భయమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గేదైతే ఎప్పుడో తగ్గేది.

దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసి, రోజూ కాసేపు నడవమంది. నడిస్తే భయం కూడా నా పక్కనే నడిచింది. ఒకరోజు విసుగొచ్చి పరుగెత్తాను. అది కాస్త వెనకబడినట్టు అనిపించింది. అలా మొదలైంది.

ఇబ్రహీంపట్నంలో ఆడమనిషి పరుగెత్తాలంటే ఎక్కడ పరుగెత్తాలి? సాగర్ రోడ్డు మీద టిప్పర్లు. గ్రౌండులో కుర్రాళ్ల క్రికెట్టు, పక్కనుంచి పోతే "ఆంటీ, ఇంకో రౌండ్" అని కేకలు. మిగిలింది మా కాలనీ వెనక బాట. ప్లాట్ల రాళ్లు దాటాక గుట్ట వైపు పోతుంది. ఒకప్పుడు ఎడ్ల బండ్లు నడిచేవట, ఇప్పుడు ట్రాక్టర్లు నడుస్తాయి. ఎర్ర మొరం, గులకరాళ్లు, వాన కోసిన చాళ్లు, రెండు పక్కలా రేగు కంపలు, ఆ వెనక మక్కజొన్న చేన్లు. పొద్దెక్కితే అక్కడా మేకలవాళ్లు, ప్లాట్లు చూసేవాళ్లు, చూపులు. తెల్లవారకముందు ఎవరూ ఉండరు. పాప వెలుతురు వచ్చేదాకా లేవదు. అత్తమ్మ పక్కలో పడుకోబెట్టి వెళ్లొచ్చేదాన్ని.

చీకట్లో రాళ్ల బాట మీద పరుగు రోడ్డు మీద పరుగు లాంటిది కాదు. అడుగు సాగదీస్తే మడమ మడతపడుతుంది. చిన్న చిన్న అడుగులు వేయాలి, పాదం పూర్తిగా ఆనకముందే ఎత్తేయాలి. మొదట్లో తలకు కట్టుకునే లైటు కొన్నాను. ఆ వెలుగులో రాళ్లన్నీ చదునుగా కనిపించి పడ్డాను. లైటు చేతిలో, నడుము దగ్గర పట్టుకుంటే ప్రతి రాయికీ వెనక నీడ పడుతుంది. నీడను బట్టి రాయి ఎత్తు తెలుస్తుంది. ఇది ఎవరో నేర్పింది కాదు, పగిలిన మోకాలు నేర్పింది. కళ్లు అలా నీడల మీద ఉన్నంతసేపూ బకెట్టు గుర్తురాదు, గుండీ గుర్తురాదు. ఊరు మొత్తంలో నేను భయపడని చోటు అదొక్కటే. ఆ కాసేపు పోతే నేను మళ్లీ రాత్రంతా మేలుకుని కూర్చునే మనిషినే. అందుకే ఎవరేమన్నా మానలేదు.

అనేవాళ్లు అన్నారు. బండి మీద పాలు తెచ్చేవాడు ఒకరోజు పక్కన ఆపాడు.

"ఏందక్కా, ఎవడన్న తరుముతున్నడా?"

"ఎవ్వరు తరుముతలేరు."

"మరెందుకు ఉరుకుడు? బండెక్కు, ఇంటికాడ దించుత."

అతని మాటకు నవ్వొచ్చింది. నా భర్త మాటలకు రాలేదు. ఆయన ఆదిబట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. అవి వినాయక చవితి రోజులు. కాలనీ మగవాళ్లంతా రాత్రి మండపం దగ్గర కుర్చీలేసుకుని ముచ్చట్లు పెట్టేవాళ్లు. ఆడవాళ్లం హారతి కాగానే ప్రసాదం గిన్నెలు తీసుకుని ఇళ్లకు వచ్చేస్తాం. ఆ తర్వాత అక్కడ ఏం మాట్లాడుకుంటారో వాళ్లు ఇంటికొచ్చి చెబితే తెలియాలి.

"అందరు నవ్వుతున్నరే," అన్నాడు ఒక రాత్రి వచ్చి. "నీ పెండ్లాం ఒలింపిక్స్ పోతదా అని అడుగుతున్నరు."

"పోతదని చెప్పు."

"మజాక్ కాదు. ఇంక పోవద్దు."

"ఎందుకు?"

"ఎందుకేంది. పోవద్దన్న."

అప్పటినుంచి రోజూ పడుకునే ముందు ఆ మాట. తలుపు గడియ పెట్టారా అని అడిగినంత మామూలుగా, పోవద్దు. నేను ఊ అనేదాన్ని, పొద్దున లేచి పోయేదాన్ని. ఆయనకు తెలుసు. నేను పక్కమీంచి లేస్తే మంచం కదులుతుంది, బూట్లు వేసుకుంటే చప్పుడవుతుంది. ఒక రాత్రి మండపం నుంచి ఆలస్యంగా వచ్చి, దుప్పటి లాక్కుంటూ, "రేపైతే పోకు," అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. రోజూ అనేదే కదా అనుకున్నాను.

ఎవరిదీ కాని నల్ల కుక్క ఒకటి నాతో వచ్చేది. ఎప్పుడూ నాకంటే ముందే ఉండేది. ఆ మర్నాడు పొద్దున మక్క చేను మలుపు దగ్గర అది ఒకసారి అరిచింది. అరుపు మధ్యలో తెగిపోయింది. లైటు ఎత్తి చూస్తే బాటకు అడ్డంగా పడి ఉంది, కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. వెంట్రుకలు కాలిన వాసన. పాము కరిచిందేమో అనుకుని నా కాలు దానివైపు పడింది. అప్పుడే, రోజుకు పదిసార్లు కనిపించే బొమ్మ మళ్లీ కనిపించింది. ప్లగ్గులో వేలు పెట్టిన పాప. ఆగిపోయాను. లైటు నేలకు దించాను. గడ్డిలో, నా పిక్క ఎత్తున, బాటకు ఈ పక్క కర్ర నుంచి ఆ పక్క కర్రకు సన్నటి ఇనుప తీగె మెరిసింది.

వెనక్కి అడుగులు వేసుకుంటూ వచ్చి నా భర్తకు ఫోన్ చేశాను. 

"కుక్క పడిపోయింది. మక్క చేను కాడ..."

"తీగె ముట్టుకోకు," అన్నాడు. నిద్రమత్తు లేదు ఆ గొంతులో. "ఆడనే నిలబడు. దానికి కరెంటున్నది. నేను పెద్దబాపుకు ఫోన్ కొడుత."

నేను తీగె అన్న మాటే అనలేదు.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలాగే నిలబడ్డాను. తూర్పు తెల్లబడుతుండగా చేను అవతల మోటారు డబ్బా దగ్గర టార్చి వెలిగింది. "కరెంటు తీసేసిన, తీసేసిన" అని అరుస్తూ ఆ చేను ఆసామి వచ్చాడు. వరసకు నా భర్తకు పెద్దనాన్న, మేమంతా పెద్దబాపు అంటాం. కుక్కను చూసి నాలుక చప్పరించాడు.

"అయ్యో, కుక్క పడ్డదా. పందికోసం పెట్టిన బిడ్డా. అడవి పందులు చేను మొత్తం తొక్కుతున్నయ్. కంకి పాలు పట్టంగనే వచ్చి నోట్లె పెడుతున్నయ్."

"తొవ్వ మీద కడుతవా పెద్దబాపు? మనుషులు నడిచే తొవ్వ."

"పందులు తొవ్వల్నే వస్తయ్ గద. మనుషులు ఎవరొస్తరు గీ చీకట్ల? వెనుకట ఆడోళ్లు చెంబులు పట్టుకోని వచ్చేది, అప్పుడు తీగె కట్టాలంటే భయముండె. ఇప్పుడు ఇండ్లల్ల లెట్రిన్లయినయ్."

"నేనొస్త గద రోజూ."

"గది ఎర్కనే. అందుకే మండపం కాడ మీ ఆయనకు చెప్పిన. మొగోళ్లందరికి ఒక్కొక్కరికి చెప్పినంకనే కరెంటు లైనుకు కొండి తగిలించిన. చెప్పకుంట పెట్టెటోణ్ణి కాదు నేను."

అతను అబద్ధం ఆడలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. మా దగ్గర పద్ధతి ఇదే. తీగె పెట్టేవాడు ఆ సాయంత్రం చాయ్ హోటల్లోనో, మండపం దగ్గరో, నలుగురు మగవాళ్లున్న చోట మాట చెబుతాడు. చెప్పాడంటే అతని బాధ్యత తీరింది. విన్నవాళ్లు తలూపుతారు. ఆ మాట గడప దాటి ఇంట్లోకి రావాలన్న నియమం ఎక్కడా లేదు. చేన్లో కలుపు తీసేది ఆడవాళ్లు, కంకులు విరిచేది ఆడవాళ్లు, తెల్లారగానే గడ్డికి పోయేది ఆడవాళ్లు. తీగె సంగతి మాత్రం మగవాళ్లకు చెబుతారు.

ఇంటికి వచ్చేసరికి నా భర్త వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేయి పట్టుకోబోయాడు. విడిపించుకున్నాను.

"నీకు తెలుసు," అన్నాను.

"చెప్పిన గద పోవద్దని. రాత్రి కూడ చెప్పిన."

"పోవద్దన్నవ్. తీగె ఉన్నదని అన్లే."

"రెండు ఒకటే గద."

"ఒకటెట్లయితది?"

"తీగె ఉన్నది, అటు పోకు అంటే, ఇంకో దిక్కు పోతవ్. పోనీకి నేనే తొవ్వ చూపెట్టినట్టయితది. అసలే పోవద్దని నేనంటుంటె."

ఆ మాట ఆయన చాలా సహజంగా అన్నాడు. ఆలోచించి దాచింది కాదు. చెడ్డతనం కూడా కాదు. కారణం చెబితే మాట బరువు తగ్గుతుందని అనుకున్నాడు, అంతే. నేను ఆ మాట వినాలి. విన్నానా లేదా అన్నదే ఆయనకు లెక్క. ఆ పంతం పక్కన నా ప్రాణం ఉన్నట్టు ఆయనకు తోచలేదు. ప్రతి గుండీనీ, ప్రతి ప్లగ్గునీ చూసి వణికే నన్ను "పిచ్చి భయాలు" అని ఏడాదిగా వెక్కిరించిన మనిషి, నిజంగా భయపడాల్సినది ఒకటి వస్తే నోరు మూసుకుని దుప్పటి కప్పుకున్నాడు.

లోపలినుంచి అత్తమ్మ పాపను చంకనేసుకుని వచ్చింది. విషయం విని కొడుకు వైపు చూసింది.

"గా మలుపు కాడనా? నేను పొద్దుగాల గడ్డికి గట్లనే పోదామనుకుంటి గదరా. నిన్న కొడవలి కూడ నూరుకున్న."

నా భర్త అరుగు మీద కూలబడ్డాడు. "నీకు చెప్పుడు మర్చిపోయిన్నే అమ్మా," అన్నాడు.

నాకింకా కోపం వచ్చింది. తల్లి విషయంలో అది మర్చిపోవడం అయింది. నా విషయంలో వాదన అయింది. అత్తమ్మ కూడా గమనించినట్టుంది. పాపను నా చేతికిచ్చి, "పెండ్లానికి చెప్పాలె గదరా. నోట్లె ఏం పెట్టుకున్నవ్," అని లోపలికి పోయింది. అంతకంటే ఎక్కువ అనలేదు.

ఫిర్యాదు చేస్తానన్నాను. "పెద్దబాపు మీదనా? ఊర్ల ఉండాలె మనం," అన్నాడు. ఉండాలంటే బతికి ఉండాలి కదా అన్నాను. పాపను ఎత్తుకుని ఆటోలో సబ్‌స్టేషన్‌కు పోయాను. అక్కడి లైన్‌మన్ నెత్తి గోక్కున్నాడు.

"గట్ల మస్తు మంది పెడుతరక్క. ఒక్కనిది తీస్తే ఏమయితది?"

"ఒక్క కొండి తక్కువయితది."

"మీ ఆయన రాలేదా?"

"ఆయనకు తీగెతో ఇబ్బంది లేదన్నా. నాకున్నది."

సాయంత్రం వచ్చి కొండి తీసేసి, తీగె చుట్ట చుట్టి పట్టుకుపోయాడు. పెద్దబాపు మాట్లాడటం మానేశాడు. మండపం దగ్గర హారతికి పోతే ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు గానీ పలకరించలేదు. ఆ వారం పందులు నిజంగానే చేన్లో పడ్డాయి. పొద్దున పరుగులో విరిగిన దంట్లు, నమిలి పారేసిన కంకులు కనిపించేవి. నాకు బాధ కలగలేదని అనను. అవి ఒక మనిషి ఏడాది తిండి. అయినా వెనక్కి తగ్గాలనిపించలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దబాపు భార్య గేటు తీసుకుని వచ్చింది. చంకలో పాత చీరల మూట. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ పుణ్యాన ఇల్లిల్లు తిరుగుతున్న," అంది. "చీరలుంటె ఇయ్యి. చేను సుట్టు కడుత. గాలికి ఊగితె పంది బెదురుతది."

"పని చేస్తదా పెద్దమ్మా?"

"మా తల్లిగారింటికాడ చీరలే కడుతరు. సగం పంటన్న దక్కుతది. ఎన్నిసార్లు చెప్పిన, కరెంటు వద్దయ్య, గడ్డికి పోయేటోళ్లం మేము, చీరలు కడుదాం అని. ఇంటడా? చీరలు కడితె చేను బట్టల దుకాణం లెక్క కనపడుతదట. నలుగురు నవ్వుతరట."

 ఆమె నన్ను తిట్టడానికే వచ్చింది. తిట్టింది కూడా. అయితే ఆమె గొంతులో ఉన్న మంట నాకు తెలిసిన మంటే. బీరువా తీసి చీరలు ఇచ్చాను. పాతవి చాలవని మంచివి కూడా రెండు వేశాను. మర్నాడు ఆమె, అత్తమ్మ, నేను కలిసి బాటకు ఇవతలి పక్క మొత్తం కట్టాం. పెద్దబాపు దూరంగా గట్టు మీద కూర్చుని చూశాడు, సాయం రాలేదు.

పందులు పూర్తిగా ఆగలేదు, తగ్గాయి. నేను మళ్లీ అదే బాటలో పరుగెత్తుతున్నాను. ఇప్పుడు అది భయం లేని చోటు కాదు. మలుపు వస్తే ఆగి, లైటు నేలకు దించి, గడ్డిలో వెతికి, అప్పుడు దాటుతాను. నాకు మిగిలిన ఒక్క చోటునూ ఇలా చేశారన్న కోపం మాత్రం పోలేదు. 

ఇంట్లో ఒకటి మార్చాను. బూట్లు వేసుకున్నాక గదిలో లైటు వేసి నా భర్తను లేపుతాను. ఎటు పోతున్నానో చెబుతాను. ఆ దారిలో ఏముందో నిన్న ఎవరైనా ఏమైనా చెప్పారా అని అడుగుతాను. అడిగేది అనుమతి కాదు, కబురు. ఆయన కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుంటాడు.

"ఏం లేదే. పో. జర లైటన్న బంద్ చెయ్యరాదు, నిద్ర కరాబైతున్నది."

గుర్తు తెచ్చుకుని సరిగ్గా చెప్పమంటాను. లైటు ఆర్పను.