పాపకూర ఇంట్లో జపాను ప్రకటనలు

మా ఆయన తన చివరి చలికాలంలో నవ్విన నవ్వులన్నీ జపాను ఇళ్ళ ప్రకటనలు చూసి నవ్వినవే. ఆ నవ్వులైనా దక్కనిచ్చినందుకు రోజూ స్వామికి దణ్ణం పెట్టుకుంటాను.

న్యూజిలాండులో, పాపకూర అనే ఊళ్ళో మాది పాత చెక్క ఇల్లు, అద్దెది. పొద్దున్న లేచేసరికి కిటికీ అద్దాలకి లోపలివైపు నీళ్ళు కారుతూ ఉండేవి. తువ్వాలుతో తుడిచి, పిండి, మళ్ళీ తుడిచేదాన్ని. పడకగది మూలల్లో నల్లటి బూజు. ఎంత రుద్ది కడిగినా వానలు పట్టగానే తిరిగొచ్చేది. ఆయన పనిచేసింది కిటికీలు తయారుచేసే ఫ్యాక్టరీలో. చలి లోపలికి రాకుండా జంట అద్దాలు బిగించే కిటికీలు. అవి ఎవరెవరి ఇళ్ళకో వెళ్ళాయిగాని మా ఇంటికి రాలేదు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు చేసి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో ఆయన మంచం పట్టింది ఆ చెమ్మ గదిలోనే.

ఇంటి ఓనరు ఈ దేశంలోనే పుట్టి పెరిగిన ముసలి కివీ ఆయన. ఆ ఇల్లు కూల్చి టౌన్‌హౌస్‌లు కట్టాలని ఆయనకి ఎప్పటినుంచో ఉంది. మా ఆయన్ని ఒకసారి చూసి వెళ్ళి, మీరున్నన్నాళ్ళూ ఇల్లు ముట్టుకోనని మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆయన్నీ నా ప్రార్థనలో తలుచుకుంటాను.

మా ఒక్కగానొక్క అమ్మాయి జపాను అబ్బాయిని చేసుకుంది. దగ్గర్లోనే పాపటోయిటోయిలో కాపురం, అల్లుడికి ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో పని. చాలాకాలం మామా అల్లుళ్ళ మధ్య మాటలు వానా ఎండా దాటి వెళ్ళలేదు. ఒక ఆదివారం మా టీవీలో ఏదో పెట్టాడు. తన చిన్నప్పుడు భోజనాల వేళ వాళ్ళ ఇంట్లో చూసినవట, ఒక ఇళ్ళ కంపెనీ తీసిన ప్రకటనలు. ఆ దేశంలో తలలు పండిన నటులందరూ వాటిలో వెర్రి వేషాలు కట్టారు. కుస్తీల్లో ఛాంపియనైన ఒక కొండంత మనిషి, పసిపాప లేవకుండా మునివేళ్ళ మీద మెట్లెక్కుతాడు. మెట్లు కిర్రుమనవు. అంత కష్టపడినా ఎవరూ మెచ్చుకోలేదని పైకెక్కి కూర్చుని ఏడుస్తాడు. ఇంకొకదాంట్లో, యుద్ధవీరుడి పాత్రలకి పెట్టింది పేరైన హీరో బనీనుతో వెచ్చటి నేల మీద బోర్లా పడుకుని, శత్రువులు గుమ్మంలోకి వచ్చినా లేవనంటాడు.

"ఈయనెవరే?" అని అడిగారు మా ఆయన.

"వాళ్ళకి పెద్ద హీరో నాన్నా" అంది అమ్మాయి.

"మన హీరోలు బంగారం, ప్లాట్లు అమ్మేటప్పుడు కోటేసుకుని వేలు చూపిస్తారు కదే! ఈయనేంటి బనీనుతో దొర్లుతున్నాడు? పరువు పోదూ?"

అమ్మాయి అల్లుణ్ణి అడిగి చెప్పింది. "పరువున్నవాడు దొర్లితేనే నవ్వొస్తుందిట నాన్నా. లేనివాడు ఎలాగూ దొర్లుతాడుట."

ఆయన నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగక పెదవులు నీలంగా అయిపోయాయి. నేను భయపడి టీవీ కట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ రోజునుంచి ప్రతి ఆదివారం అల్లుడు రావడం, మంచం వాలు సరిచేసి ప్రకటనలు పెట్టడం.

అన్నిట్లోకీ ఆయనకి నచ్చింది దయ్యం ప్రకటన. ఒక ముసలి నటుడు చనిపోయిన ఇంటి పెద్దగా, తెల్లబట్టల్లో సొంత ఇంటికి తిరిగొస్తాడు. ఇల్లు కొత్తగా కట్టేసి ఉంటుంది. దూరడానికి సందు లేదు, ఊళ పెట్టడానికి గాలి లేదు, నక్కడానికి చీకటి మూల లేదు. విసిగిపోయి అందరిలాగే గుమ్మంలోంచి వస్తాడు. వస్తూనే అలవాటు చొప్పున చెప్పులు విప్పబోయి, తనకి కాళ్ళు లేవని చూసుకుంటాడు.

"మీ దయ్యాలకి కాళ్ళే ఉండవా? మా వాటికి ఉంటాయయ్యా, వెనక్కి తిరిగి ఉంటాయి" అన్నారు మా ఆయన, తనకొచ్చిన ఇంగ్లీషులో.

"అయితే మావయ్యగారూ, మీ దయ్యం వెళ్ళిపోతోందా వస్తోందా, ఎలా తెలుస్తుంది?" అని అల్లుడు అంతే గంభీరంగా అడిగాడు.

ఆ ప్రకటన చివర దయ్యం "వచ్చేశాను" అంటుంది. వంటింట్లో ఉన్న ముసలి భార్య తిరిగి చూడకుండానే "వచ్చారా" అంటుంది. వాళ్ళ దేశంలో బయటినుంచి వచ్చినవాళ్ళు ఆ మాట అనడం, ఇంట్లోవాళ్ళు ఈ మాట అనడం రోజూ ఉండేదేనట. ఆయనకి అది పట్టుకుంది. బాత్రూముకి వెళ్ళి ఆయాసపడుతూ మంచం దాకా వచ్చి "వచ్చేశాను!" అనేవారు. నేను "వచ్చారా" అనాలి. అనకపోతే నిలబడే ఉండేవారు.

ఒక సాయంత్రం ఇద్దరమే ఉన్నాం. "ఇదిగో, నేను పోయాక నువ్వు ఈ ఇంట్లోనే ఉండు. ఎక్కడికో మారిపోతే నేను వెతుక్కోలేను. అసలే ఊరు తెలియని దయ్యాన్ని" అన్నారు.

"ఏం మాటలవి!"

"ఉంటానను ముందు."

ఉంటానన్నాను.

ఆయన ఆ ఇంట్లోనే, పొద్దున్న ఆరింటికి, నా చేతుల్లో పోయారు. ఆస్పత్రి గోడల మధ్య కాకుండా అలా వెళ్ళినందుకు కూడా స్వామికి దణ్ణమే పెట్టాను. మర్నాడు రాజమండ్రినుంచి మా మరిది ఫోను చేశాడు. అన్నగారంటే ప్రాణం అతనికి. ఏడుస్తూనే అన్నాడు: "వదినా, సిద్ధాంతిగారికి టైము చెప్పి చూపించాను. ధనిష్ఠా నక్షత్రంలో పోయాడట. ఆరునెలలు ఇల్లు మూసెయ్యాలి. లేకపోతే ఇంట్లోవాళ్ళకే మంచిది కాదన్నారు. అమ్మాయి నెలలు నిండిన మనిషి. ఆలోచించు."

నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు, స్తోత్రాలు, పెద్దల మాటకి ఎదురు చెప్పకపోవడం, ఇవే నా చదువు. అమ్మాయి మాత్రం మండిపడింది. "అద్దె ఇల్లు అమ్మా ఇది! మూసిపెట్టిన ఇంటికి ఆరునెలలు అద్దె ఎవరు కడతారు? వదిలేస్తే ఇక ఉండదు, తెలుసుగా?" తెలుసు. ఆయనకి ఇచ్చిన మాట ఒకవైపు, దాని కడుపు ఒకవైపు. పుట్టబోయే బిడ్డవైపే మొగ్గాను. అల్లుడు సామాను తన గరాజులో సర్దాడు. ఆయన మంచం విప్పి, ఒక్కో ముక్కా తనే మోశాడు. మరిదికి ఇల్లు మూశామని మాత్రమే చెప్పాం.

పురుడు సుఖంగా అయింది. ఆడపిల్ల. దణ్ణం పెట్టాను. శుద్ధి అయ్యాక, గడువు తీరేలోపు శాంతి చేయించాలని గుడికి వెళ్ళాను. అక్కడి పంతులుగారు పంచాంగం ముందేసుకుని వివరాలు అడిగారు.

"పొద్దున్న ఆరంటున్నారు. ఏ ఊళ్ళో పోయారమ్మా?"

"ఇక్కడేనండీ, పాపకూరలో."

"మరి రాజమండ్రి సిద్ధాంతిగారికి ఇక్కడి ఆరు చెప్పారా, అక్కడి టైముకి మార్చి చెప్పారా?"

నాకు అర్థం కాలేదు. ఆయన నెమ్మదిగా చెప్పారు. "ఇక్కడ తెల్లవారేసరికి అక్కడ ఇంకా ముందురోజు రాత్రే కదమ్మా. ఆ పంచాంగంలో ఈ ఆరుగంటలు చూసినట్టున్నారు. మీవారు పోయేసరికి ఇంకా శ్రవణమే నడుస్తోంది. శ్రవణానికి ఇల్లు వదలక్కర్లేదు." అని ఆగి, "మీరు వదిలేశారా?" అన్నారు.

బయటికి వచ్చాక అల్లుణ్ణి పాపకూర తీసుకెళ్ళమన్నాను. ఇల్లుండే స్థలం చుట్టూ ఇనుప కంచె కట్టి ఉంది. లోపల నేల చదును చేసి ఉంది. వెనక్కి, పడకగది ఉన్నవైపు, వాననీళ్ళు నిలిచాయి. అల్లుడికి విషయం చెప్పాను.

ఆరునెలలు నిండుతుండగా మరిది ఫోను చేశాడు. గొంతులో చాన్నాళ్ళకి కొంచెం తేటదనం. "వదినా, గండం గడిచింది. ఇక ఇంట్లోకి వెళ్ళొచ్చు. సిద్ధాంతిగారిని మళ్ళీ అడిగాను. గురువారం పొద్దున్న ఏడింటికి బాగుంది. దీపం పెట్టి లోపలికి వెళ్ళండి. అన్నయ్య సంతోషిస్తాడు."

అది అక్కడి ఏడా, ఇక్కడి ఏడా అని అడగలేదు. ముసలివాడు. అన్నని పోగొట్టుకున్నవాడు.

"అలాగే నాయనా" అన్నాను.

గురువారం అల్లుడు డ్యూటీకి వెళ్ళకుండా నన్ను తీసుకెళ్ళాడు. కంచె ముందు ఫుట్‌పాత్ మీద ప్రమిద పెట్టి వెలిగించాను. గాలికి రెండుసార్లు ఆరింది. అతను కోటు విప్పి అడ్డం పట్టుకున్నాడు. మంట నిలబడ్డాక, కంచె అవతలికి చూస్తూ, నేర్చుకున్న తెలుగులో అన్నాడు:

"వచ్చేశాం మావయ్యగారూ."

"వచ్చారా" అన్న మాట కోసం, ఆయనలాగే, మేం ఇద్దరం నిలబడ్డాం.